జర్మనీ వేసవి ఇంటర్న్‌షిప్‌కు 'వైజ్': డబ్బు వాళ్లిస్తారు, ప్రొఫెసర్‌ను మనమే వెతుక్కోవాలి

సైన్సు చదివే మన విద్యార్థులు వేసవి సెలవుల్లో విదేశీ ప్రయోగశాలలో రెండు మూడు నెలలు పనిచేసి రావడానికి ఉన్న దారులలో, జర్మన్ విద్యా వినిమయ సంస్థ డాడ్ నడిపే 'వైజ్' పథకం పేరు ఐఐటీ, ఐసర్, ఎన్ఐటీ హాస్టళ్లలో ఏటా వానాకాలం వచ్చేసరికి వినిపించడం మొదలవుతుంది. సైన్సు చదువులకు కేంద్రం నడిపే ఐసర్‌లో రసాయనశాస్త్రం ప్రధానాంశంగా అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువుతున్న రోజుల్లో, 2023 వేసవిలో, నేను ఈ పథకం కింద జర్మనీలోని మెయిన్స్ నగరంలో పదకొండు వారాలు పనిచేసి వచ్చాను. అప్పటి నుంచి జూనియర్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "అక్కా, వైజ్ మంచిదేనా?" మంచిదే, అయిదు నక్షత్రాలలో నాలుగు ఇస్తాను. అయితే అందులో ఏముందో, ఏం లేదో తెలియకుండా బయలుదేరినవారు అక్టోబరు నెలాఖరున ఖాళీ చేతులతో నిలబడటం చూశాను గనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

డాడ్ 1925లో హైడెల్‌బెర్గ్‌లో పుట్టి, నేడు బాన్ కేంద్రంగా పనిచేస్తున్న సంస్థ. వైజ్ అనేది భారతదేశంలో చదువుతున్న సైన్సు, ఇంజనీరింగు విద్యార్థుల కోసం అది ప్రత్యేకంగా పెట్టిన పథకం. ఎంపికైనవారికి నెలనెలా స్టైపెండ్, ప్రయాణ ఖర్చుల కింద ఒక మొత్తం, జర్మనీలో ఉన్నన్నాళ్లూ ఆరోగ్య బీమా అందుతాయి. దరఖాస్తుకు రుసుము లేదు. కాని దరఖాస్తు పెట్టే నాటికే, జర్మనీలోని ఏదో ఒక విశ్వవిద్యాలయం లేదా పరిశోధన సంస్థలోని ప్రొఫెసర్ "ఈ విద్యార్థిని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నా బృందంలో చేర్చుకుంటాను" అని రాసిచ్చిన ఆహ్వాన లేఖ మన చేతిలో ఉండాలి. ఆ లేఖ తెచ్చుకోవడంలో డాడ్ మనకు ఏ సాయమూ చేయదు. అదే సంస్థ 'రైజ్ జర్మనీ' అనే మరో పథకం నడుపుతుంది. అందులో అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులే ప్రాజెక్టులు ప్రకటిస్తే విద్యార్థులు వాటిలోంచి ఎంచుకుంటారు. ఆ సౌకర్యం ఉత్తర అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ విశ్వవిద్యాలయాల విద్యార్థులది. పేర్లలో ఒక్క అక్షరం తేడా కావడంతో మా బ్యాచ్‌లో ఒకతను రైజ్ ప్రాజెక్టుల వివరాలు చదువుతూ ఆగస్టు నెలంతా గడిపేశాడు.

ఇటువంటి పొరపాటే అమెరికా విషయంలో ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్ అని గూగుల్‌లో వెతికితే ముందుగా వచ్చేవి చాలామటుకు ఆర్ఈయూ, అంటే డిగ్రీ విద్యార్థులకు పరిశోధన అనుభవం ఇచ్చే కార్యక్రమాలు. అమెరికా జాతీయ సైన్సు ఫౌండేషన్ సొమ్ముతో నడిచే ఆ కార్యక్రమాలలో ఆ డబ్బు అందుకోవాలంటే అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాస హక్కో ఉండాలి. ఆ ఒక్క వాక్యం ప్రతి ప్రకటనలోనూ అర్హతల భాగంలోనే ఉంటుంది, కాని మనవాళ్లు స్టైపెండ్ భాగం చదివి అక్కడే ఆగిపోతారు. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు కూడా, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నంతకాలం ఇదే అడ్డు.

ఈ గజిబిజి చూసి మా నాన్న, డబ్బు పోతే పోయింది, పని అవుతుంది కదా అని నన్ను అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లారు. పేరు చెప్పను, అటువంటివి ఆ వీధిలో మరికొన్ని ఉన్నాయి. మిఠాయి దుకాణం మీద మూడో అంతస్తు, గోడ నిండా విదేశీ విశ్వవిద్యాలయాల ఫొటోలు. "చూడమ్మా, ముప్పై అయిదు వేలు ప్యాకేజీ, ఆఫర్ లెటర్ మా పూచీ" అన్నారు. నమూనాగా చూపించిన లేఖ మీద విశ్వవిద్యాలయం ముద్ర చక్కగానే ఉంది గాని, కింద ప్రొఫెసర్ మెయిల్ చిరునామా జీమెయిల్‌ది. నాన్న అక్కడ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: "ఇంతకీ అక్కడ పనిచేసినందుకు వాళ్లు డబ్బులిస్తారా, మనం కట్టాలా?" దానికి సూటిగా జవాబు రాలేదు. మేము తిరిగి వచ్చేశాము. నా తోటి విద్యార్థిని ఒకామె మాత్రం మరోచోట పదిహేను వేలు కట్టింది. ఆమెకు ముట్టినవి రెండు వందల మెయిల్ చిరునామాల పట్టిక, పేరు మార్చి పంపుకోవడానికి ఒక లేఖ. ఆ చిరునామాలన్నీ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడగలిగినవే. లేఖ సంగతి ఇంకా దారుణం: ఒక ప్రొఫెసర్, పాపం మర్యాదస్తుడు, ఇదే లేఖ ఈ వారంలో నాకు మరో ముగ్గురు పంపారని ఆమెకు తిరిగి రాశాడు.

కాబట్టి వైజ్‌ను తూచేటప్పుడు అసలు బరువంతా ఆ ఆహ్వాన లేఖ మీదే ఉంటుంది. నేను 2022 ఆగస్టులో మొదలుపెట్టి సెప్టెంబరు రెండో వారం దాకా 40 మందికి రాశాను. నా మొదటి లేఖ ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. "గౌరవనీయులైన సర్" అని మొదలై, చిన్ననాటి నుంచి రసాయనశాస్త్రం మీద నాకున్న మక్కువ, పదో తరగతి నుంచి వచ్చిన మార్కులు, తమ మహత్తరమైన పరిశోధన నన్నెంతగా ఆకట్టుకున్నదీ చెబుతూ పేజీన్నర సాగింది. ఆ మహత్తరమైన పరిశోధన ఏమిటో మాత్రం అందులో ఎక్కడా లేదు. పైగా సంబోధించినవారిలో కనీసం ఆరుగురు మహిళలు. వాళ్లనూ సర్ అనే అన్నాను. నలభైకి వచ్చిన జవాబులు రెండు, రెండూ చోటు లేదనే.

మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అన్నయ్య ఒకాయన ఆ లేఖ చదివి, "దీన్ని నువ్వు జీవశాస్త్రం ప్రొఫెసర్‌కి పంపినా ఒక్క మాట మార్చనక్కర్లేదు కదా" అన్నాడు. ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఒక్కో బృందం గడచిన రెండేళ్లలో వేసిన వ్యాసాలు రెండు తీసుకుని పూర్తిగా చదవడం, చదివాక నిజంగా సందేహం వస్తేనే రాయడం. నాకు చోటిచ్చిన ప్రొఫెసర్‌కు రాసిన లేఖలో ఉన్నవి ఏడు వాక్యాలు. నేనెవరో ఒకటి. వారి వ్యాసంలోని మూడో పటంలో, సబ్బులాంటి సర్ఫాక్టెంట్ పరిమాణం పెంచుతూ పోతే పాలిమర్ కణాల సైజు తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచిపోయింది, దానికి కారణం కణాల ఉపరితలం నిండిపోవడమా లేక శబ్ద తరంగాలతో చిలకడంలోని పరిమితా అని రెండు. మా ఇనిస్టిట్యూట్‌లో నాకు చేయడం వచ్చిన పనులు, అంటే వాక్యూమ్ లైన్ మీద పనిచేయడం, కాంతి పరిక్షేపంతో కణాల సైజు కొలవడం గురించి ఒకటి. మే నుంచి జులై వరకు రాగలనని, వైజ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తున్నానని, తమ మీద ఆర్థిక భారం ఉండదని రెండు. మార్కుల పట్టిక, ఒక పేజీ రెజ్యూమె జతచేశానని చివరిది. ఈ తీరులో రాసింది పదకొండు మందికి. జవాబులు వచ్చింది ముగ్గురి నుంచి. వీడియో కాల్‌లో మాట్లాడింది ఇద్దరు. లేఖ ఇచ్చింది ఒకరు. కాల్‌లో ప్రొఫెసర్ ఆ మూడో పటం గురించే అరగంట మాట్లాడారు. నా ఊహ తప్పని కూడా అక్కడే తేలింది, దానివల్ల చోటు పోలేదు.

ఆర్థిక భారం ఉండదన్న ఆ వాక్యమే వైజ్ మన చేతికిచ్చే నిజమైన బలం. వేసవికి వచ్చే విద్యార్థికి ఇవ్వడానికి విడిగా డబ్బు ఉన్న బృందాలు తక్కువ, పది పన్నెండు వారాలు నేర్పించడానికి మనిషిని కేటాయించడమే వాళ్లకు ఖర్చు. స్కాలర్‌షిప్ రాకపోతే రావడం లేదని ముందే చెప్పడం కూడా మర్యాద. నేను చెప్పాను, వారు దాన్ని తప్పుగా తీసుకోలేదు.

దరఖాస్తు గడువు నవంబరు ఆరంభంలో ముగుస్తుంది. పోర్టల్‌లో నింపేది పెద్దగా ఏమీ లేదు. రెండు పేజీల ప్రాజెక్టు వివరణ, మన ప్రొఫెసర్ సిఫారసు లేఖ, మార్కుల పట్టికలు, ఆ ఆహ్వాన లేఖ. ప్రాజెక్టు వివరణ మనమే రాసి, జర్మనీ ప్రొఫెసర్‌కు చూపించి, ఆయన చెప్పిన మార్పులు చేసి పెట్టడం మంచిది, ఎందుకంటే ఆహ్వాన లేఖలోని తేదీలూ విషయమూ వివరణలోని వాటితో పొసగకపోతే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. ఫలితాలు వచ్చేసరికి చలికాలం గడిచిపోయింది. ఈ మధ్యకాలంలో ప్రొఫెసర్‌కు వారం వారం రాసి విసిగించకుండా, జనవరిలో ఒక్కసారి ఇంకా ఎదురుచూస్తున్నానని రాస్తే చాలు. వీసా విషయంలో ఒక వెసులుబాటు ఉంది: జర్మన్ ప్రభుత్వ సొమ్ముతో స్కాలర్‌షిప్ పొందినవారికి వీసా రుసుము ఉండదు. కాగితాలు తీసుకునే కేంద్రంవారి సేవా రుసుము మాత్రం కట్టుకోవాలి. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నైలోని జర్మన్ కాన్సులేట్. అపాయింట్‌మెంటు దొరకడమే అసలు పరీక్ష గనుక, ఫలితం వచ్చిన రోజునే దానికి కూర్చోవాలి.

స్టైపెండ్ నేను వెళ్లిన ఏడాది నెలకు 900 యూరోలకు అటూ ఇటూగా ఉండేది. మెయిన్స్‌లాంటి ఊళ్లో అది పొదుపుగా బతకడానికి సరిపోతుంది, మిగుల్చుకోవడానికి కాదు. గది ఒక పీహెచ్‌డీ విద్యార్థిది. వేసవికి ఊరెళ్తూ మూడు నెలలకు అద్దెకిచ్చాడు. జర్మన్లు దీన్ని 'జ్విషెన్‌మీటె' అంటారు, తాత్కాలిక అద్దె అన్నమాట. విద్యార్థి హాస్టళ్లలో మూడు నెలల కోసం గది దొరకడం కష్టం కాబట్టి ల్యాబ్‌లోని వాళ్లను ఏప్రిల్‌లోనే అడిగి పెట్టుకోవాలి. ఆ ఏడాది మే నెలలోనే 49 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ మొదలైంది. నెలకొకటి కొంటే దేశమంతటా లోకల్ రైళ్లూ బస్సులూ ఎక్కవచ్చు, తర్వాత దాని ధర పెంచారు. నాకు చిక్కు వచ్చింది అక్కడి ఒక బ్యాంకు దగ్గర. ఖాతా తెరవడానికి నివాస నమోదు పత్రం అడిగారు, అది తెస్తే మరో ఫారం అన్నారు, చివరికి కార్డు చేతికి వచ్చేసరికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఇంటి నుంచి తెచ్చుకున్న 500 యూరోలే కాపాడాయి. ఆదివారాలు దుకాణాలు మూసేస్తారని తెలిసి కూడా మొదటి ఆదివారం అమ్మ కట్టిచ్చిన సున్నుండలతోనే గడిపానన్నది వేరే సంగతి.

ఇక అసలు పని. నాకిచ్చిన ప్రాజెక్టు పాలిస్టైరీన్ నానో కణాల తయారీ. స్టైరీన్‌ను, సబ్బునీళ్లను కలిపి, మంచు గిన్నెలో పెట్టి, శబ్ద తరంగాల కడ్డీతో రెండు నిమిషాలు చిలికితే పల్చటి పాలలాంటి ద్రవం వస్తుంది. దాన్ని వేడి చేస్తే అందులోని ప్రతి బొట్టూ ఒక కణంగా గట్టిపడుతుంది. చెప్పడానికి ఇంతే. మొదటి రెండు వారాలు భద్రతా శిక్షణ, రసాయనాల వ్యర్థాలు ఏ డబ్బాలో వేయాలో నేర్చుకోవడం, కొలిచే యంత్రాలకు స్లాటు తీసుకోవడంతోనే గడిచాయి. మూడో వారంలో నా అంతట నేను చేసిన మొదటి బ్యాచ్ రాత్రికి రాత్రి విరిగిన పాలలా తయారైంది. కదిపే అయస్కాంతం చుట్టూ తెల్లటి ముద్ద. కారణం వెతకడానికి ఒక రోజు పట్టింది. హెక్సాడెకేన్ అనే నూనెలాంటి పదార్థం కొద్దిగా కలపాలి, అది నేను మరిచిపోయాను. అది లేకపోతే చిన్న బొట్లలోని స్టైరీన్ నీటిలోంచి మెల్లగా పెద్ద బొట్లలోకి వలసపోయి, చిన్నవి కరిగిపోయి, పెద్దవి ఉబ్బిపోతాయి. పుస్తకంలో 'ఆస్ట్‌వాల్డ్ రైపెనింగ్' పేరుతో పరీక్షకు చదివి మార్కులు కూడా తెచ్చుకున్న విషయమే. నాకు నేర్పించే పీహెచ్‌డీ విద్యార్థిని ఆ బ్యాచ్ వివరాలు రాసిన ల్యాబ్ నోటుబుక్కు పేజీ చించవద్దని, విరిగిన బ్యాచ్ ఫొటోను కూడా అందులో అతికించమని చెప్పింది. తర్వాత అయిదు వారాల్లో, నూనె పరిమాణాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ ఎంత దాకా కణాలు నిలుస్తాయో చూడటమే నా ప్రాజెక్టు అయింది, దానికి మొదటి బిందువు ఆ చెడిపోయిన బ్యాచ్.

పదకొండు వారాల్లో వ్యాసం రాలేదు, వస్తుందని ఆశించడమూ సరికాదు. నాకు దక్కినవి 23 బ్యాచుల ఫలితాలు, బృందం ముందు ఇరవై నిమిషాల ప్రసంగం, రెండేళ్ల తర్వాత పీహెచ్‌డీ దరఖాస్తులకు పనికొచ్చిన సిఫారసు లేఖ. ఆ లేఖను ప్రొఫెసర్ నాకు చూపించలేదు గాని, ఒక ఇంటర్వ్యూలో విరిగిన పాల గురించి అడిగారు కాబట్టి అందులో ఏముందో ఊహించగలను.

ఇతర పథకాలతో పోల్చి చూస్తే, ప్రొఫెసర్లకు లేఖలు రాసే ఓపికా ధైర్యమూ లేనివారికి కెనడా వారి మైటాక్స్ గ్లోబలింక్ అనువైనది. 2009లో భారతీయ విద్యార్థులతోనే మొదలైన ఆ పథకంలో ప్రొఫెసర్లు ప్రకటించిన ప్రాజెక్టుల జాబితా నుంచి మనం కొన్నింటిని ఎంచుకుంటే జత కుదిర్చే పని వాళ్లే చూస్తారు. వ్యవధి 12 వారాలు. గడువు సెప్టెంబరులోనే ముగుస్తుంది కాబట్టి వైజ్ కోసం ఎదురుచూస్తూ దాన్ని వదులుకోవద్దు, రెండూ పెట్టుకోవచ్చు. ఎదురుదెబ్బ ఏమిటంటే, ఏ ప్రాజెక్టు దక్కుతుందో చివరిదాకా తెలియదు. నా స్నేహితుడు తన నాలుగో ఇష్టానికి వెళ్లాడు. బయోటెక్నాలజీ వారికి జీవరసాయన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా పేరుతో అమెరికాకు పంపే కార్యక్రమం ఉంది. ఖొరానా 1960లలో పనిచేసిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంతో దానికి సంబంధం. భౌతికశాస్త్రం, కంప్యూటరు వారికి జెనీవాలోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌వారి వేసవి కార్యక్రమం. ఉదయం ఉపన్యాసాలు, తర్వాత ప్రాజెక్టు పని. 2017 నుంచి భారత్ అక్కడ అసోసియేట్ సభ్యదేశం.

మరి వైజ్‌కు అయిదో నక్షత్రం ఎందుకు ఇవ్వలేదంటే, అది ఎవరు దరఖాస్తు చేయవచ్చో సంస్థల జాబితా పెట్టి నిర్ణయిస్తుంది. నేను ఆ జాబితాలో ఉన్నాను కాబట్టి వెళ్లాను. మా పిన్ని కూతురు శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదువుతోంది. కర్బన రసాయనంలో నాకంటే చురుకు, నా లేఖల చిత్తుప్రతుల్లో తప్పులు పట్టుకున్నది కూడా ఆమే. ఆ జాబితా ఆమెను మొదటి పేజీలోనే ఆపేసింది. లేఖ రాయగల సత్తా ఉన్నవారికి డబ్బు ఇవ్వడమే పథకం ఉద్దేశమైతే, లేఖ తెచ్చుకున్న ఎవరినైనా అడగనివ్వడంలో నష్టమేమిటో నాకు అర్థం కాదు. ప్రొఫెసర్ ఒప్పుకోవడమే ఒక వడపోత కదా.

ఇటువంటివారికి మన దేశంలోనే మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది, దానికి ఏ కళాశాల వారైనా దరఖాస్తు చేయవచ్చు. దాని మీద హైదరాబాదులో సీసీఎంబీకో ఐఐసీటీకో వెళ్లినవారు నాకు తెలుసు. విదేశమే కావాలంటే జపాన్‌లో ఒకినావాలోని ఓఐఎస్‌టీ అనే పరిశోధన విశ్వవిద్యాలయంవారి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ చూడాలి. అది సంస్థల జాబితా పెట్టదు, రుసుము అడగదు, ప్రయాణమూ వసతీ చూసుకుంటుంది, ఏడాదికి రెండుసార్లు దరఖాస్తులు తీసుకుంటుంది. శ్రీకాకుళంలోని ఆ చెల్లెలు ఈ అక్టోబరులో దానికే పెట్టింది. తను చేరాలనుకున్న బృందం వ్యాసాలు రెండు ప్రింటు తీయించుకుని, అంచుల్లో పెన్సిలుతో ప్రశ్నలు రాసుకుని, ఒక రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసింది: "అక్కా, ఈ రెండో పటంలో వాళ్ల గ్రాఫు అక్షానికి యూనిట్లు లేవు, అడగొచ్చా?" అడగమన్నాను. జవాబు ఇంకా రాలేదు.